నూటికి ముగ్గురు

కిందటి వారం మారిట లాహ్టిని ఆమె వంటింట్లో, చల్లారిపోయిన కాఫీ ముందు వదిలిపెట్టాం. 'కోస్కి బే బీకన్' వారపత్రికకు ఉన్న ఒకే ఒక్క విలేకరి ఆమె. ఆమె రాసిన మొదటి పేజీ వార్త అప్పుడే ఊరంతా పాకింది. వెయ్యి మంది రక్తం పరీక్షిస్తే ముప్ఫై మందిలో యాంటీబాడీలు, అంటే కరోనా వచ్చిపోయిన గుర్తులు కనిపించాయని ఆ వార్త. ఆ లెక్కన కౌంటీలో జబ్బు సోకినవాళ్లు ఆసుపత్రి లెక్కకు నలభై రెట్లు ఉంటారు. అంటే ఇది అనుకున్నంత భయంకరమైన జబ్బు కాదన్నమాట. రెండు నెలలుగా బిక్కచచ్చి ఉన్న ఊరు ఊపిరి పీల్చుకుంది. పైన్ హార్బర్ వృద్ధాశ్రమం నడిపే ప్యాటీ అయితే ఇంకో అడుగు ముందుకు వేసింది. యాంటీబాడీలు ఉన్నట్టు తేలినవాళ్లు వచ్చే ఆదివారం నుంచి లోపలికి వచ్చి తమవాళ్ల పక్కన కూర్చోవచ్చని ప్రకటించింది.

ఆ ముప్ఫై మందిలో మారిట తమ్ముడు ఓస్కార్ ఒకడు. పైన్ హార్బర్‌లో ఉన్నది వాళ్ల నాన్న టోయివో.

సంతోషించాల్సిన మారిటకు కాఫీ చల్లారిపోయేంత ఆలోచన ఎందుకొచ్చిందంటే, ఓస్కార్ చలికాలమంతా అడవిలో ఉన్నాడు. వేటగాళ్ల విడిదికి కాపలా అతని పని. కొత్త సంవత్సరం రాగానే అక్కడికి వెళ్లాడు, వెనకే దారి మంచులో పూడుకుపోయింది, ఏప్రిల్ చివర్లో గానీ బయటపడలేదు. మనిషి మొహం చూడనివాడికి ఈ జబ్బు ఎవరిచ్చారు?

ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. క్రిస్మస్‌కి ఓస్కార్ ఇల్లదిరేలా దగ్గిన మాట నిజమే. ఆ రోజుల్లో మంచు బళ్లు తోలడానికి షికాగో నుంచి, డెట్రాయిట్ నుంచి జనం వచ్చిన మాటా నిజమే. కానీ అంత ముందే వచ్చిందా? కాదనడానికి ఆధారం లేదు, అవుననడానికి మనసొప్పదు. పొద్దున్నే ఫోను పట్టుకుని, ఆ ముప్ఫైలో, వార్త కోసం తను లోగడ మాట్లాడిన మిగతావాళ్లను మళ్లీ పలకరించింది. స్కూలు బస్సు నడిపే ఆయనకు చలికాలంలో తుమ్ము కూడా రాలేదు. చర్చిలో పియానో వాయించే ఆవిడకు ఉన్నట్టు తేలింది, నలభై ఏళ్లుగా ఒకే మంచం మీద పడుకుంటున్న ఆవిడ మొగుడికి లేదని తేలింది. "మా ఆయనకి నేను ఏదిచ్చినా పట్టదు, ఇదీ అంతే," అని ఆవిడ నవ్వింది. మారిట కూడా నవ్వింది గానీ ఫోను పెట్టేశాక ఆ నవ్వు నిలవలేదు.

మధ్యాహ్నం ఆమె డాక్టర్ ఒడెట్ బెర్జెరాన్ దగ్గరికి వెళ్లింది. డెట్రాయిట్ వైపు నుంచి వచ్చిన విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి ఇక్కడ ఆ పరీక్షలన్నీ దగ్గరుండి చేయించింది ఈవిడే. డెబ్బైకి దగ్గర పడింది. మారిటను పుట్టగానే తన చేతుల్లోకి తీసుకున్నది కూడా ఈవిడే కాబట్టి, ఆ చనువు మాటలో ఎప్పుడూ ఉంటుంది. క్లినిక్ వెనక కార్లు ఆపే చోట రెండు మడత కుర్చీలు వేసి ఉన్నాయి. ఊరిని ఆనుకున్న బే నీళ్ల మీద ఇంకా కరగని మంచు పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ చప్పుడు చేస్తున్నాయి. డాక్టర్ మాస్కు గడ్డం కిందికి లాక్కుని, కాగితంలో చుట్టిన పేస్టీ, మాంసం కూరి కాల్చిన రొట్టె, తింటోంది.

"ఆ కుర్చీ ఇంకాస్త వెనక్కి జరుపుకో. ఊఁ, చెప్పు. నా లెక్క తప్పంటావా?"

"తప్పని కాదు డాక్టర్ గారూ. నాకు అర్థం కాలేదంటున్నా."

"అర్థమయ్యే రాశావనుకున్నానే, మొదటి పేజీలో."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. మారిట దాన్ని మింగి, దారి పొడుగునా కూడబలుక్కుంటూ వచ్చిన ప్రశ్న బయటపెట్టింది. "ఈ జబ్బు అసలు రానేరాని వాళ్లను తీసుకొచ్చి మీ పరీక్ష చేస్తే, వాళ్లలో ఎంతమందికి వచ్చిందని చెప్తుంది?"

డాక్టర్ నమలడం ఆపింది. పేస్టీని మళ్లీ కాగితంలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. ఆవిడ మొహంలో కోపం వస్తుందేమోనని చూసింది మారిట. వచ్చింది కోపం కాదు, చాన్నాళ్లకు దగ్గరి మనిషి ఎదురుపడినప్పటి వెలుగు.

"ఎంతమంది పేపర్ల వాళ్లు ఫోన్ చేశారో తెలుసా? టీవీ వాళ్లు కూడా. ఒక్కరూ ఈ మాట అడగలేదు. సరే, నువ్వే చెప్పు. వెయ్యి మందిని తీసుకో. ఒక్కరికీ జబ్బు రాలేదనుకో. పరీక్ష నూటికి ఇద్దరి విషయంలో పొరబడుతుందనుకో. ఉందని ఎంతమందికి చెప్తుంది?"

"ఇరవై మందికి."

"మనకి ఎంతమంది తేలారు?"

మారిట తన నోటు పుస్తకంలో లెక్క వేసుకుంది. గాలికి ఆమె చేతిలో పుస్తకం రెపరెపలాడింది. ముప్ఫైలో ఇరవై. బస్సు నడిపే ఆయన, పియానో ఆవిడ, ఓస్కార్.

"అయితే ఆ ఇరవై మంది..."

"ఆగాగు. అది నూటికి రెండు పొరబడితే. కిట్లు చేసిన కంపెనీవాడు నూటికి అర అంటున్నాడు. జబ్బు పుట్టక ముందు దాచిన పాత రక్తం, నాలుగు వందల మందిది పరీక్షిస్తే ఇద్దరికి తప్పు చెప్పిందట. ఆ లెక్కన మన ముప్ఫైలో ఐదుగురే తప్పు. కానీ నాలుగు వందలంటే ఏపాటి? ఇంకోచోట చేస్తే నూటికి రెండొచ్చిందని ఒకరంటున్నారు, మూడొచ్చిందని ఇంకొకరు. మూడే నిజమైతే, మన ఊళ్లో ఈ జబ్బు ఎవరికీ రాలేదన్నా ఇవే అంకెలు వస్తాయి."

"మరి న్యూయార్క్‌లో కూడా ఇలాగే చేశారు కదా, అదీ తప్పేనా?"

"అక్కడ ఐదుగురిలో ఒకరికి తేలింది. వెయ్యిలో రెండొందల మంది. అందులో ఇరవై తప్పు పోయినా నూట ఎనభై మిగుల్తుంది. అక్కడ ఉందని తేలినవాడు ధైర్యంగా ఉండొచ్చు. ఇక్కడ అలా ఉండటానికి లేదు. పరీక్ష అదే మారిటా, ఊరు వేరు."

మారిట ఆ మాటను రెండుసార్లు లోలోపల అనుకుంది. ఇన్నాళ్లూ పరీక్ష అంటే తూనికరాయి లాంటిదని, ఎక్కడికి తీసుకెళ్లినా ఒకే బరువు చెప్తుందని ఆమె అనుకుంది. జబ్బు తక్కువగా ఉన్నచోట అదే పరీక్ష చెప్పే 'అవును'కు విలువ పడిపోతుందని ఎవరూ చెప్పలేదు. ఆమెకు దిగులుతో పాటు, చిత్రంగా, ఒక ఉత్సాహం కూడా కలిగింది. ముడి ఎక్కడుందో వేలికి తగిలినప్పుడు కలిగే ఉత్సాహం అది.

ఇంకో ముడి కూడా ఉందని డాక్టరే చెప్పింది. పరీక్షకు జనాన్ని చీటీలు తీసి పిలవలేదు, వచ్చినవాళ్లకు చేశారు. హైస్కూలు ముందు కార్ల వరసలో మారిట కూడా వేలు పొడిపించుకోవడానికి నిలబడింది. ఆమెకు లేదనే తేలింది. ఆ రోజు కారు అద్దాలు దించుకుని జనం మాట్లాడుకున్న మాటలు ఇప్పుడు గుర్తుకొచ్చాయి. నాకు జనవరిలో దగ్గు, మా ఆవిడకు ఫిబ్రవరిలో జ్వరం, అదే అయ్యుంటుందని మా అనుమానం. ఏ అనుమానమూ లేనివాళ్లు ఆ చలిలో ఇంట్లోంచి కదలలేదు. అలాంటి వరసలో తేలిన లెక్కను తీసుకెళ్లి కౌంటీ మొత్తానికి అంటించారు.

"ఇవన్నీ మీకు తెలిసి, ప్యాటీకి ఎందుకు చెప్పలేదు?" అంది మారిట. గొంతు తను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది.

"ఆవిడ నన్ను అడగలేదు. నీ పేపరు చదివింది." డాక్టర్ బే వైపు చూసింది. "మూడు అని నేనన్నాను. ఆ మూడు ఒకటి కావచ్చు, సున్నా కూడా కావచ్చని కూడా అన్నాను. మీ ఎడిటరు గార్డన్ దానికి చోటు లేదని తీసేశాడు. అయినా నేనే ప్యాటీ దగ్గరికి వెళ్లి చెప్పాల్సింది. వెళ్లాను కూడా. ఆశ్రమం కిటికీల బయట నిలబడి అద్దానికి అరచేతులు ఆన్చినవాళ్లను చూశాక నోరు రాలేదు."

మారిట, ముప్ఫై మందిలో ఎవరిది ఒప్పో ఎవరిది తప్పో కనుక్కునే దారి లేదా అని అడిగింది. ఉందంది డాక్టర్. చేతి నరంలోంచి రక్తం తీసి, వేరే పద్ధతిలో పరీక్షించే పెద్ద ల్యాబుకు పంపాలి. రెండు వేరు వేరు పరీక్షలు ఒకే మనిషి విషయంలో ఒకే రకంగా పొరబడటం అరుదు. అయితే ఆ ల్యాబు నుంచి ఆదివారంలోగా జవాబు రాదు.

ఓస్కార్ ఇంటి వెనక, ఆవిరి స్నానం చేసే సానా గది పక్కన బర్చి చెట్టు దుంగలు చీలుస్తున్నాడు. అక్కను చూసి గొడ్డలి దించి, దండం పెట్టినంత పని చేశాడు. "రా అక్కా. నీ వార్త కత్తిరించి ఫ్రేము కట్టిద్దామనుకుంటున్నా. నా గురించి ఊరంతా మంచిగా మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి."

మారిట దూరంగా ఒక దుంగ మీద కూర్చుని, డాక్టర్ చెప్పినదంతా చెప్పింది. ఓస్కార్ మధ్యలో అడ్డు రాలేదు. అతను మౌనంగా వింటున్నాడంటే లోపల ఏదో కూడగట్టుకుంటున్నాడని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

అతనికి ఆ కాగితం ముక్క మీద మోజు లేదు. నాన్న గురించే అతని తపన. టోయివో లాహ్టి ఇనుప ఖనిజం రేవులో ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషి. ఇప్పుడు పేర్లు మర్చిపోయాడు, మొహాలు మర్చిపోతున్నాడు. కరోనా భయంతో ఆశ్రమం తలుపులు మూసినప్పటి నుంచి తిండి మానేశాడు. పనివాళ్లు చెంచా తెస్తే నోరు బిగించుకుంటాడు. కిటికీ అవతల నిలబడ్డ పిల్లల్ని చూసి, టీవీలో బొమ్మలనుకుని మొహం తిప్పుకుంటాడు. అంతకుముందు కొడుకో కూతురో చేత్తో పెడితే మాత్రం తినేవాడు. ఆయన బరువు బాగా పడిపోయిందని ప్యాటీ ఫోన్లో చెప్పింది. తప్పుడు పరీక్షను నమ్మి లోపలికి వెళ్తే జబ్బు మోసుకెళ్లినవాళ్లవుతారు, వెళ్లకపోతే ఆకలికి వదిలేసినవాళ్లవుతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఇరవై తప్పు, పది ఒప్పు అన్నావు," అన్నాడు ఓస్కార్ చివరికి. "నేను ఆ పదిలో ఎందుకు కాకూడదు? క్రిస్మస్‌కి నేను దగ్గింది నువ్వు వినలేదా?"

"విన్నా. అందరూ దగ్గారు రా. నువ్వు ఒక్కడివే అయితే వేరు."

"నూటికి నూరు తెలిసేదాకా ఆగితే నాన్న ఉంటాడా?"

అది వాదన కోసం అన్న మాట కాదు. మారిట చెక్కల వాసన పీలుస్తూ, తమ్ముడికి తెలిసిన దారిలోనే వెళ్దామనుకుంది. "ఏప్రిల్‌లో బే మంచు మీద నడవాలంటే ఏం చేస్తావు?"

"నడవను."

"నడవాల్సి వస్తే?"

ఓస్కార్ నవ్వు ఆపుకున్నాడు. "గునపంతో కొట్టి చూస్తా."

"ఒక్క దెబ్బకే గట్టిదని నమ్ముతావా?"

"నమ్మితే ఇప్పుడు ఇక్కడుండేవాణ్ణా?" అని, ఆ మాటలో తనే చిక్కుకున్నట్టు తెలిసి, గొడ్డలిని దుంగలోకి దించాడు. "సరే, రెండో దెబ్బ కొట్టించు. కానీ నాకొక్కడికే సూదేంటి? నువ్వూ చెయ్యి చాపు. వార్త రాసింది నువ్వు, గుచ్చించుకునేది నేనా?"

అది ఉడికించడానికే అన్నాడు. మారిట కూడా పంతానికే ఒప్పుకుంది. మర్నాడు క్లినిక్‌లో ఆ సంగతి విని డాక్టర్ బెర్జెరాన్ మాత్రం సంబరపడింది. ఉందని తేలిన రక్తం పక్కన లేదని తేలిన రక్తం కూడా పంపితే, పోల్చి చూడటానికి పనికొస్తుందట. రెండు ట్యూబులూ ఒకే పెట్టెలో సర్ది, ఐసు పెట్టి పంపేసింది. అక్కణ్ణుంచే ప్యాటీకి ఫోన్ చేసి, ఈసారి ఏదీ దాచకుండా చెప్పింది. ప్యాటీ ఆదివారం తలుపులు తెరవడం వాయిదా వేసింది, ఏడ్చింది కూడా.

ఊరికి కోపం వచ్చింది. మారిట ఊహించినదే. గార్డన్ ట్రెవారో, పత్రిక సంపాదకుడు, కొత్త వార్త రాస్తానంటే ముందు తల అడ్డంగా ఊపాడు. మొన్న పండగ చేసుకున్నవాళ్ల నోటి దగ్గర కూడు లాక్కుంటామా అన్నాడు. మారిట కాగితం మీద వెయ్యి, ఇరవై, ముప్ఫై రాసి ఆయన ముందు పెట్టింది. గార్డన్ కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మరి మిగతా పేపర్లన్నీ ఇలా ఎందుకు రాయలేదని అడిగాడు. "నలభై రెట్లు అంటే చదువుతారు. ఏమో, తెలియదు అంటే ఎవరు చదువుతారు?" అంది మారిట. ఆయన గొణుక్కుంటూనే, ఓస్కార్ జవాబు వచ్చాక వేద్దామన్నాడు. అది న్యాయంగానే తోచింది ఆమెకు.

ఆదివారం ఓస్కార్ పైన్ హార్బర్‌కి వెళ్లి తలుపు దాటలేదు. కిటికీ బయట నిలబడ్డాడు. లోపల పనిచేసే అమ్మాయి టోయివోకి ఓట్స్ తినిపించబోతే, ఓస్కార్ బయట చెంచా ఒకటి పట్టుకుని తను తింటున్నట్టు నటించాడు. ముసలాయన ఆ బొమ్మను తదేకంగా చూసి, నాలుగు ముద్దలు తిన్నాడు. ఐదోదానికి నోరు మూసేశాడు. ఆ నాలుగు ముద్దల సంగతి ఓస్కార్ అక్కకు ఫోన్లో చెప్తున్నప్పుడు, అతని గొంతులో ఏముందో ఆమెకు తేల్చుకోవడం కష్టమైంది.

వారం మధ్యలో, మారిట ఆఫీసులో వార్త ముసాయిదా మూడోసారి దిద్దుతుండగా డాక్టర్ బెర్జెరాన్ ఫోన్ చేసింది.

"ఓస్కార్‌ది వచ్చింది. లేదు. వాడి ఒంట్లో ఏమీ లేదు, తెల్ల కాగితంలా ఉంది. మొదటిది పొరపాటే."

మారిట కుర్చీలో వెనక్కి వాలింది. తన అనుమానం నిజమైనందుకు సంతోషించాలో, తమ్ముడికి ఈ మాట ఎలా చెప్పాలో తెలియలేదు. థాంక్స్ చెప్పి పెట్టేయబోయింది.

"ఉండు, అయిపోలేదు. నీది కూడా వచ్చింది."

"నాది లేదనే కదా."

"వేలి పరీక్ష లేదంది. అది అటు వైపు కూడా పొరబడుతుంది, ఉన్నవాళ్లను లేదంటుంది. నీకుంది మారిటా. బాగా ఉంది. ల్యాబు వాళ్లు నమ్మకం కుదరక రెండోసారి కూడా చేశారు. ఎప్పుడో నీకు వచ్చిపోయింది, నీకే తెలియలేదు."

గార్డన్ తన బల్ల దగ్గర్నుంచి తలెత్తి చూశాడు. మారిట ఆయనకు వీపు తిప్పింది. నాన్న పక్కన కూర్చోగలిగేది ఓస్కార్ కాదు, నేనేనేమో అన్న ఆలోచన ఒక్క క్షణం దీపంలా వెలిగింది. డాక్టర్ తర్వాత అడిగిన మాటతో అది ఆరిపోయింది.

"ఆశ్రమం తలుపులు మూసేముందు నువ్వు లోపలికి ఎప్పుడు వెళ్లావు?"

మూయడానికి ముందు రోజే వెళ్లింది. ఆ రోజు గొంతు గరగరలాడుతోంది. హీటరు గాలికి అనుకుంది. ఏలకుల రొట్టె చేసి తీసుకెళ్లింది. నాన్న ముక్క తిన్నాక, అదే గదిలో రెండో మంచం మీద ఉండే ఎల్మర్ నైక్విస్ట్ అటే చూస్తుంటే, ఆయనకూ తన చేత్తోనే తినిపించింది. ఆయన ఆమె వేళ్లు పట్టుకుని, వదలకుండా ఏదో పాత కథ చెప్పాడు. మార్చి ఆఖరుకి ఆసుపత్రిలో పోయాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు, వయసు తొంభై అన్నారు. కరోనా ఊళ్లోకి వచ్చిందని అప్పటికి ఎవరూ అనుకోలేదు. పరీక్షలు కూడా దొరికే రోజులు కావు.

ఎక్కడికి తీసుకెళ్తుందో తెలిసి కూడా, ప్రశ్న మారిట నోట్లోంచి దానంతట అదే బయటికొచ్చింది.

"డాక్టర్ గారూ, ఎల్మర్ గారిని ఆసుపత్రికి తెచ్చినప్పుడు రక్తం తీసి ఉంటారు కదా. పరీక్షించడానికి అదేమైనా మిగిలి ఉందా?"

"ఆ నెలలో తీసినవేవీ పారేయొద్దని నేనే చెప్పాను," అంది డాక్టర్. "ఫ్రీజర్‌లో ఉంది."